ఉత్తర్వు చూపకుండా నిషేధమా?

పిల్లవాడి చేతిలో ఘోరం జరిగిన ప్రతిసారీ పోలీసులు అతని ఫోన్ తెరిచి చూసేలోపే టీవీ చర్చ మొదలవుతుంది. ఆ ఫోన్‌లో తుపాకుల గేమ్ ఒకటి కనిపించిందా, ఇక కేసు తేలిపోయినట్టే: ‘నిషేధించండి’. ఈ డిమాండ్‌లో అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేదు. కన్నవారి భయం నిజమే. అర్ధరాత్రి దాటాక దుప్పటి కింద ఫోన్ వెలుగు చూసి కంగారుపడని తల్లి ఉండదు, దాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ నిషేధం మాట ఎత్తేవారు ముందు ఒకటి చెప్పాలి. ఏ చట్టం కింద, ఏ కారణంతో నిషేధిస్తారు? ఆ కారణం రాసిన కాగితం జనానికి చూపిస్తారా?

ఇప్పటిదాకా చూపలేదు కనుకే అడుగుతున్నాం. గేములను ఆపడానికి కేంద్రం వాడుతున్నది ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రక్షణ, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, వీటికి సంబంధించిన నేరాలకు రెచ్చగొట్టడం - ఈ కారణాలే అందులో ఉన్నాయి. హింసాత్మక దృశ్యాలు ఆ జాబితాలో లేవు. వ్యసనం లేదు. పిల్లల చదువు పాడవడం అంతకన్నా లేదు. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను ఆపినప్పుడు ప్రభుత్వం చెప్పింది కూడా హింస గురించి కాదు, వినియోగదారుల డేటా దేశం దాటిపోతోందని. సరే, అదే కారణం అనుకుందాం. మరి ఆ నవంబర్‌లో కంపెనీ భారత్ కోసం ప్రత్యేక వెర్షన్ తెస్తున్నామంటూ ఏం ప్రకటించింది? తూటా తగిలితే ఎరుపు బదులు ఆకుపచ్చ రంగు కనిపిస్తుందని, పాత్రలు మొదటి నుంచీ ఒంటినిండా బట్టలతో ఉంటాయని, పిల్లలు ఆడే సమయానికి పరిమితి ఉంటుందని. డేటా మీద ఫిర్యాదుకు ఆకుపచ్చ నెత్తురు జవాబా? బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

కథ అక్కడితో ఆగలేదు. 2021 జులైలో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా (బీజీఎంఐ) పేరుతో ఆ గేమ్ తిరిగొచ్చింది. 2022 జులై 28న కేంద్రం ఉత్తర్వుతో ప్లే స్టోర్, యాప్ స్టోర్‌ల నుంచి మాయమైంది. పది నెలలకు, 2023 మేలో, మళ్లీ అనుమతి దొరికింది. సర్వర్ల చిరునామా, డేటా భద్రత విషయంలో కంపెనీ దారికొచ్చిందని, మూడు నెలల పాటు వ్యసనం వంటి హానిని గమనించాక తుది నిర్ణయం ఉంటుందని అప్పటి ఐటీ శాఖ సహాయ మంత్రి ట్వీట్ చేశారు. మైనర్లకు రోజుకు మూడు గంటలు, పెద్దలకు ఆరు గంటలు అన్న పరిమితులూ వచ్చాయి. వ్యసనం పేరు చెప్పి ఒక గేమ్‌ను ప్రొబేషన్‌లో పెట్టే అధికారం 69ఏలో ఏ వాక్యం ఇచ్చింది? ఓటు హక్కున్న పౌరుడు తన ఇంట్లో ఎన్ని గంటలు ఆడాలో ఏ నిబంధన ప్రకారం తేల్చారు? ఆపింది ఒక కారణంతో, బేరం సాగింది ఇంకో కారణం మీద. రెండింటికీ జనం చదవగల ఉత్తర్వు లేదు.

చట్టాన్ని అమలుచేసే 2009 నిబంధనలు కాగితం మీద బాగానే ఉంటాయి. 8వ నిబంధన ప్రకారం అవతలి పక్షానికి నోటీసు ఇచ్చి, జవాబుకు కనీసం 48 గంటలు గడువివ్వాలి. 9వ నిబంధన కింద అత్యవసరంగా ముందే ఆపేస్తే 48 గంటల్లో విషయాన్ని కమిటీ ముందు పెట్టాలి. సమీక్షా కమిటీ కనీసం రెండు నెలలకోసారి కూర్చోవాలి. ఆ తర్వాత వస్తుంది 16వ నిబంధన: ఫిర్యాదు, దానిపై తీసుకున్న చర్య అంతా గోప్యం. సమాచార హక్కు కింద అడిగినా ఇదే అడ్డు చూపిస్తారు. శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఆన్‌లైన్ వ్యాఖ్యలను నేరంగా చూసే 66ఏ సెక్షన్‌ను కొట్టేసి 69ఏను నిలబెట్టింది ఎందుకు? కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి, వాటిని కోర్టులో సవాలు చేసుకోవచ్చు అన్న రక్షణ ఉందని. బీరువాలో దాచిన కాగితాన్ని ఏ పౌరుడు సవాలు చేస్తాడు? ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులను ప్రచురించి తీరాలని 2020 జనవరిలో అనూరాధా భాసిన్ కేసులో అదే కోర్టు చెప్పింది. ఆ స్ఫూర్తి ఇక్కడెందుకు వర్తించదు?

మన పొరుగువారిని చూసైనా సిగ్గుపడాలి. నేపాల్ 2019 ఏప్రిల్‌లో పబ్జీని నిషేధిస్తే అక్కడి సుప్రీంకోర్టు కొద్ది రోజుల్లోనే నిలిపేసింది. పాకిస్తాన్ 2020 జులైలో ఆపితే ఇస్లామాబాద్ హైకోర్టు తప్పుబట్టింది, ఆ నెల ముగిసేలోపే గేమ్ తిరిగొచ్చింది. అక్కడ పోట్లాడటానికి కంటికి కనిపించే ఉత్తర్వు ఉంది.

పోనీ ఇంత చేసి సాధించిందేమిటి? 2020లో నిషేధం సెప్టెంబర్ 2న వస్తే, ఫోన్‌లో గేమ్ అప్పటికే ఉన్నవారికి సర్వర్లు అక్టోబర్ 30 దాకా పనిచేశాయి. ఆ తర్వాత విదేశీ వెర్షన్ ఏపీకే ఫైలు (స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఎక్కించుకునే యాప్), దానికో వీపీఎన్ (ఫోన్ వేరే దేశంలో ఉన్నట్టు చూపేది). 2022లో బీజీఎంఐ స్టోర్‌లో లేదు, ఫోన్లలో మాత్రం నడిచింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ అనే మరో తుపాకుల గేమ్‌తో సహా 54 యాప్‌లను ఆపారు. ఫ్రీ ఫైర్‌కే మెరుగైన గ్రాఫిక్స్ అద్దిన ఫ్రీ ఫైర్ మ్యాక్స్ స్టోర్‌లోనే ఉండిపోయింది. పాత ఐడీతో లాగిన్ అయితే పాత సరంజామా అంతా అందులో ప్రత్యక్షం. భద్రతకు ముప్పు ఒక వెర్షన్‌లో ఉండి, దాని కవల వెర్షన్‌లో లేకుండా ఎలా పోయిందో చెప్పిన నాథుడు లేడు.

ఏపీకే దారిలో అసలు ప్రమాదం వేరే ఉంది. టెలిగ్రామ్‌లో దొరికిన ఫైలును ఎక్కించాలంటే కుర్రాడు ముందు ‘తెలియని మూలాల’ (స్టోర్ బయటి యాప్‌ల) అనుమతి ఇవ్వాలి. ఫోన్‌లోని గూగుల్ కాపలా ‘ప్లే ప్రొటెక్ట్’ హెచ్చరిస్తే దాన్నీ ఆపేస్తాడు. మార్పులు చేసిన ఫైలైతే ఎస్సెమ్మెస్, యాక్సెసిబిలిటీ అనుమతులు కూడా అడుగుతుంది. ఈ రెండూ ఇచ్చాక ఓటీపీలు చదవడం, తెర మీద ఏం నొక్కుతున్నారో చూడటం దానికి పెద్ద పని కాదు. చాలా ఇళ్లలో ఆ ఫోన్ తండ్రిది, అందులోనే యూపీఐ ఉంటుంది. స్టోర్ నుంచి తొలగించిన రోజే వయసు పరిమితి, సమయ పరిమితి, కొనుగోళ్ల నియంత్రణ అన్నీ ఎగిరిపోతాయి. పిల్లల్ని కాపాడే పద్ధతా ఇది?

కేంద్రం దారి ఇలా ఉంటే కింది స్థాయిలో ఎలా ఉంటుందో రాజ్‌కోట్ చూపించింది. 2019 మార్చిలో అక్కడి పోలీసు కమిషనర్ 144 సెక్షన్ కింద పబ్జీని నిషేధించారు, ఆడుతున్న పది మంది కుర్రాళ్లను అరెస్టు చేశారు. అల్లర్లు ఆపే సెక్షన్‌ను చాయ్ బండి దగ్గర ఫోన్ పట్టుకున్న విద్యార్థి మీద వాడారు. ఇప్పుడు ఆ అధికారం నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్‌లో భద్రంగా ఉంది. ఇది గుజరాత్ ముచ్చట, మనకెందుకు అనుకోవద్దు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, జనం ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో ‘గంజాయి’ అని వెతికిన వీడియోలు నగరం మరిచిపోలేదు. రేపు గేమ్ కోసం గ్యాలరీ, చాట్లు తిరగేయరన్న హామీ ఎవరిది? ఉత్తర్వే బయటపెట్టని వ్యవస్థలో అడగడానికి ఆధారం కూడా ఉండదు.

హింసాత్మక గేములు హింసకు దారితీస్తాయా అన్నది తేలని చర్చ. అసలు హింసను ఆ గేముల ఖాతాలో వేయడానికి తగిన ఆధారాలు లేవని 2020లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ చెప్పింది. గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన మాట వాస్తవం. కానీ అది అదుపు తప్పిన అలవాటుకు సంబంధించినది, తెర మీది నెత్తురుకు కాదు. దానికి కావలసింది వైద్యుడు. డబ్బు పందాల గేములపై 2025లో పార్లమెంటు చేసిన చట్టం ఇంకో వ్యవహారం. దానిపై సభలో బిల్లు పెట్టారు, అందులో శిక్షలు రాశారు, ఎవరైనా చదువుకోవచ్చు, కోర్టుకూ వెళ్లొచ్చు. తుపాకుల గేములకు ఆ పాటి పద్ధతి కూడా దక్కలేదు.

ఇక మన ద్వంద్వనీతి. కత్తితో తలలు తెగ్గొట్టే హీరో సినిమాకు టికెట్ రేటు పెంచుకొమ్మని జీవోలు ఇచ్చిన ప్రభుత్వాలు మనవి. ‘ఏ’ సర్టిఫికెట్ సినిమాకు పిల్లల్ని చంకనెత్తుకుని వస్తుంటే గేటు దగ్గర ఆపే నాథుడు కనిపించడు. అయినా సినిమాకు ఒక పద్ధతి ఉంది. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది, కట్స్ రాసి ఇస్తుంది, నిర్మాత హైకోర్టుకు వెళ్లగలడు. 2023 సవరణతో యూఏ 7+, 13+, 16+ అనే మెట్లు కూడా వచ్చాయి. గేమ్‌కు అవేమీ లేవు. మరోపక్క యానిమేషన్, గేమింగ్ పరిశ్రమ కోసం 2016లో ఇమేజ్ పాలసీ తెచ్చింది, రాయదుర్గంలో ఇమేజ్ టవర్ తలపెట్టింది మన తెలంగాణ రాష్ట్రమే. పెట్టుబడి పెట్టేవాడికి ఏ దృశ్యం చట్టబద్ధమో, ఏది కాదో చెప్పే ఒక్క పేజీ కూడా లేదు.

చేయవలసింది తెలియనిదేమీ కాదు. ప్లే స్టోర్‌లో కనిపించే 12+, 16+, 18+ గుర్తులు గేమ్ తయారీదారు నింపిన ప్రశ్నావళి నుంచి వస్తాయి. ఈ దేశానికి సొంత రేటింగ్ సంస్థ లేదు కనుక అంతర్జాతీయ సాధారణ రేటింగే ఇక్కడా దిక్కు. చట్టబద్ధమైన రేటింగ్ సంస్థ పెట్టాలి, నిర్ణయాన్ని కారణాలతో ప్రచురించాలి, అప్పీలు ఉండాలి. ఏం దొరుకుతుందో తెలియని పెట్టెలను డబ్బుకు అమ్మే ‘క్రేట్లు’ మైనర్ల ఖాతాలో పనిచేయకుండా చూడాలి. తల్లిదండ్రులు ఈ రాత్రే చేయగలిగింది కూడా ఉంది. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ, సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్ - అక్కడ పిల్లవాడికి తెలియని పిన్ పెట్టి వయసు ఎంచుకోవాలి. అయితే ఇది అప్పటికే ఎక్కించిన గేమ్‌ను ఆపదు, ఏపీకేను ఆపదు. అందుకే పిల్లల ఖాతాను ఫ్యామిలీ లింక్‌తో (తల్లిదండ్రుల కోసం గూగుల్ ఇచ్చే యాప్) కలిపి, ‘తెలియని మూలాల’ అనుమతి మూసి, రోజువారీ గడువు పెట్టాలి. కొనుగోలు చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చాలి. ఈ పనులన్నీ ప్రతి బడి తల్లిదండ్రుల సమావేశంలో పావుగంటలో నేర్పవచ్చు. విద్యాశాఖకు ఆ ఆలోచన రాదు.

2020 సెప్టెంబర్, 2022 ఫిబ్రవరి, 2022 జులై. ఈ మూడు ఉత్తర్వులను, వాటి కారణాలను, సమీక్షా కమిటీ ఏం రాసిందో ఐటీ శాఖ ముందు తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంకో నిషేధం అడుగుతున్న మన ఎంపీలు తొలుత అడగవలసింది దీన్నే. ఆ ధైర్యం లేనివారు టీవీ స్టూడియోల్లో కూర్చుని పిల్లల పేరు వాడుకోవడం మానుకోవాలి.