మెయిల్‌రూమ్ గోడ మీద బ్రాకెట్ కాగితం

ఈసారి ఉగాది మార్చి 19, గురువారం. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్ తొలి రౌండ్ మొదలయ్యేదీ ఆ రోజే. నార్త్ కరోలినాలో మేముండే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ న్యూస్‌లెటర్‌లో ఈ రెండూ ఒకే పేజీలో పడ్డాయి. పైన ఉగాది సాయంత్రం క్లబ్‌హౌస్‌లో పాట్‌లక్ గురించి, కింద బ్రాకెట్ పోటీ గురించి, అంటే ఏ మ్యాచ్‌లో ఎవరు గెలుస్తారో ముందే ఊహించి కాగితం మీద రాసే పోటీ. మామూలుగా ఆ న్యూస్‌లెటర్‌ని ఎవరూ పూర్తిగా చదవరు. రెంట్ గడువు, పురుగుల మందు కొట్టే తేదీ, చెత్త ఎక్కడ వేయాలి, ఇంతే ఉంటుంది. ఈ నెల మాత్రం మెయిల్‌రూమ్‌లో నిలబడి చదువుతున్నవాళ్లు కనిపించారు.

పోటీ నిబంధనలు ఐదు వాక్యాల్లో ఉన్నాయి. ఆ ఐదు వాక్యాలను బట్టే ఈ పోటీ ఆట తెలిసిన పాతిక మందితో ఆగిపోతుందా, కాంప్లెక్స్ మొత్తానికీ చేరుతుందా అన్నది తేలుతుంది. కొన్నేళ్లుగా ఇందులో ఉంటున్నాను. నిబంధనలు సరిగ్గా లేక పోటీ రెండో వారానికే చల్లబడటం చూశాను, సరిగ్గా కుదిరినప్పుడు ఏం జరుగుతుందో కూడా చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ప్రాంతంలో ఈ ఆట సంగతి వేరు. డర్హంలో డ్యూక్, చాపెల్ హిల్‌లో యూఎన్‌సీ, రాలీలో ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలు. మూడింటి మధ్యా కారులో అరగంట అటూ ఇటూ దూరమే. డ్యూక్, యూఎన్‌సీల మధ్య అయితే పది మైళ్లే. యూఎన్‌సీకి ఆరు, డ్యూక్‌కి ఐదు, ఎన్‌సీ స్టేట్‌కి రెండు, పురుషుల జాతీయ టైటిళ్లు మొత్తం పదమూడు ఈ చిన్న ప్రాంతంలోనే ఉన్నాయి. డ్యూక్‌ది ముదురు నీలం, యూఎన్‌సీది లేత నీలం, ఎన్‌సీ స్టేట్‌ది ఎరుపు. స్కూల్లో చేరిన మొదటి వారంలోనే పిల్లల్ని మిగతా పిల్లలు నువ్వు ఏ రంగు అని అడుగుతారు. ఇక్కడి కేరీ, మోరిస్‌విల్ ఊళ్లలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కేరీలో వేంకటేశ్వరుడి గుడి ఉంది, మోరిస్‌విల్‌లో క్రికెట్ గ్రౌండ్ ఉంది. అపార్ట్‌మెంట్లలో మాత్రం మనవాళ్లకు మనవాళ్ల వాట్సాప్ గ్రూపే లోకం. కారు టైరు పంక్చరైనా, కరివేపాకు కావాలన్నా అందులోనే అడుగుతాం. అది తప్పని అనను, కొత్త దేశంలో ఆ గ్రూపే చాలామందిని నిలబెట్టింది. కానీ ఎదురుగా ఉన్న తలుపు వెనక ఎవరుంటారో మూడేళ్లయినా తెలియకపోవడం బాగోలేదు.

ఆ తలుపు కొట్టడానికి బ్రాకెట్ మంచి సాకు. ఆడేది 68 జట్లు. మొదట ఒహాయోలోని డేటన్‌లో జరిగే నాలుగు మ్యాచ్‌లతో అవి 64కి తగ్గుతాయి. అక్కడి నుంచి ఓడితే ఇంటికే. మొత్తం 63 మ్యాచ్‌ల్లో ఎవరెవరు గెలుస్తారో ఆట మొదలుకాకముందే కాగితం మీద నింపి ఇవ్వాలి. అన్నీ సరిగ్గా చెప్పడం అయ్యే పని కాదు. ప్రతి మ్యాచ్‌కీ బొమ్మా బొరుసూ వేసినట్టు చూస్తే, కాగితం నింపే దారులు 92 వేల కోట్ల కోట్లకు పైనే. 2014లో ఒక పెద్ద కంపెనీ వారెన్ బఫెట్ అండతో, 63 మ్యాచ్‌లూ సరిగ్గా చెప్పినవాళ్లకు వంద కోట్ల డాలర్లు ఇస్తామంది. ఆ డబ్బు ఇచ్చే అవసరం వాళ్లకు రాలేదు.

పైగా ఆట బాగా తెలిసినవాళ్లకు కూడా ఇందులో భరోసా లేదు. జట్లను నాలుగు గుంపులు చేసి, ఒక్కో గుంపులో బలాన్ని బట్టి ఒకటి నుంచి పదహారు దాకా ఇచ్చే ర్యాంకునే సీడ్ అంటారు. 2023లో చివరి నాలుగు జట్లలో ఒకటి, రెండు, మూడు సీడ్లలోంచి ఒక్కటీ లేదు. 2025లో నాలుగూ ఒకటో సీడ్లే. రెండేళ్ల తేడాలో టోర్నమెంట్ అంత మారిపోయింది. పాతికేళ్లుగా చూస్తున్న పెద్దమనిషీ, నిన్న విమానం దిగిన ఎంఎస్ విద్యార్థీ ఇంచుమించు సమానంగా పోటీపడగలిగే ఆటలు ఎన్ని ఉంటాయి?

2023లో మా అమ్మ మా దగ్గరే ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రుల పగలు ఎలా గడుస్తుందో ఇక్కడున్న ప్రతి తెలుగింటికీ తెలుసు. మేం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. బయట ఇంకా చలి. కారు నడపలేరు, మాట్లాడేవాళ్లు ఉండరు. ఆ మార్చిలో మా అబ్బాయి ఆమె చేత కూడా బ్రాకెట్ నింపించాడు. ఆమె శాన్ డియేగో స్టేట్‌ని చాంపియన్‌గా రాయించింది. కారణం ఒక్కటే, మా మేనబావ అక్కడ చదివాడు. మిగతావన్నీ పేరు నోటికి తిరిగిన జట్లు.

ఐదో సీడ్‌గా వచ్చిన ఆ జట్టు టోర్నమెంట్‌లోకెల్లా మొదటి జట్టు అనుకున్న అలబామాను ఓడించింది. సెమీఫైనల్లో ఫ్లోరిడా అట్లాంటిక్ మీద ఆఖరి క్షణంలో లమాంట్ బట్లర్ వేసిన బంతి వలలో పడి 72-71తో గెలిచింది. ఆ శనివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో అమ్మ పక్కన కూర్చున్నావిడ కింది అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచర్. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. బంతి పడగానే ఆవిడ అమ్మని పట్టుకుని లేపేసింది. ఫైనల్లో కనెక్టికట్ 76-59తో గెలిచింది, అమ్మ కాగితం నాలుగో స్థానంలో ఆగింది. కానీ మర్నాటి నుంచి తిరుగు ప్రయాణం దాకా ఇద్దరూ రోజూ పొద్దున కలిసి నడిచారు. ఇప్పటికీ అమ్మ ఫోన్‌లో ముందు ఆవిడ గురించే అడుగుతుంది.

ఇలాంటివి ప్రతిసారీ వాటంతట అవే జరగవు. పోటీని నీరుగార్చే మొదటి విషయం పాయింట్ల పద్ధతి. ఎక్కువ చోట్ల వాడే లెక్కలో, సరిగ్గా చెప్పిన ఒక్కో మ్యాచ్‌కి రౌండ్ల వారీగా వచ్చేవి ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు పాయింట్లు. అంటే తొలి రౌండ్‌లోని 32 మ్యాచ్‌లకు వచ్చే మొత్తం పాయింట్లు ఎన్నో, ఒక్క ఫైనల్‌కీ అన్నే. అన్ని రౌండ్లకూ కలిపి ఉన్నవి 192. మీరు చాంపియన్ అనుకున్న జట్టు మొదటి మ్యాచ్‌లోనే పోతే 63 పాయింట్లు చేజారినట్టే, దాదాపు మూడో వంతు. 2018 మార్చి 16 రాత్రి అదే జరిగింది. టోర్నమెంట్‌లో అందరికంటే పై ర్యాంకున్న వర్జీనియాను పదహారో సీడ్‌గా వచ్చిన మేరీలాండ్‌లోని యూఎంబీసీ 74-54తో ఓడించింది. పురుషుల టోర్నమెంట్‌లో ఒకటో సీడ్ పదహారో సీడ్ చేతిలో ఓడటం అదే మొదటిసారి. వర్జీనియాను నమ్ముకుని నింపినవాళ్లకు ఆ రాత్రితోనే పోటీ మీద ఆశ పోయింది. అక్కడ గెలిచిన జట్టు మన విద్యార్థులు చాలామంది చదివే యూనివర్సిటీది కావడం ఒక్కటే మాకు సంతోషం.

పెద్ద వెబ్‌సైట్లలో కోట్ల మంది ఆడే పోటీకి ఆ లెక్క సరిపోతుందేమో. రెండు వందల ఇళ్ల కాంప్లెక్స్‌కి సరిపోదు. ఇక్కడ మూడు వారాల పాటు మనుషులు క్లబ్‌హౌస్‌కి వస్తూ ఉండటమే కావాల్సింది. ఒకటి, రెండు, మూడు, ఐదు, ఎనిమిది, పదమూడు అని పెడితే మొత్తం 137 పాయింట్లు. చాంపియన్ పోయినా చేజారేది 32, నాలుగో వంతు కూడా కాదు. దానికి తోడు, పదహారు జట్లు మిగిలాక ఇంకో కాగితం ఇవ్వాలి. ఆదివారం రాత్రికి రెండో రౌండ్ అయిపోతుంది, మళ్లీ ఆట గురువారమే. ఆ మధ్యలోని మూడు రోజులు కొత్తగా నింపడానికి సరిగ్గా సరిపోతాయి. పదిహేను మ్యాచ్‌లే కాబట్టి మొదటిసారి భయపడి ఊరుకున్నవాళ్లు కూడా చేరతారు. మా దగ్గర గతేడాది ఇలా చేసినప్పుడు రెండో కాగితం ఇచ్చినవాళ్లే ఎక్కువమంది.

డబ్బు విషయంలో నాకు రెండో మాట లేదు, పెట్టకూడదు. ఈ పోటీల పుట్టుక డబ్బుతోనే అన్నది నిజం. 1977లో న్యూయార్క్ స్టేటన్ ఐలాండ్‌లోని ఒక బార్‌లో 88 మంది తలా పది డాలర్లు వేసుకుని ఆడినదాన్నే తొలి పూల్, అంటే ఉమ్మడి పందెం, అని చెప్పుకుంటారు. 2006 నాటికి అక్కడి సొమ్ము పదిహేను లక్షల డాలర్లు దాటింది, ఆపైన మూతపడింది. ఇప్పుడు నార్త్ కరోలినాలో 2024 మార్చి 11 నుంచి ఫోన్‌లోనే చట్టబద్ధంగా పందెం కాయొచ్చు. ఇరవై డాలర్లే కదా అనేవాళ్లు ఉంటారు. క్రికెట్ బెట్టింగ్‌తో, ఆన్‌లైన్ రమ్మీతో ఎన్ని ఇళ్లు కూలాయో చూసిన జనం మనం. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాల్సి వచ్చింది. పార్ట్‌టైం జీతంతో రెంట్ కట్టే విద్యార్థికి ఇరవై డాలర్లు చిన్నవి కావు, వద్దని చెప్పడం అతనికి మొహమాటం. డబ్బు పెట్టిన చోట పిల్లల్నీ చేర్చలేం. బహుమతిగా కాంప్లెక్స్ లీజింగ్ ఆఫీసు ఇచ్చే గిఫ్ట్ కార్డు చాలు, గెలిచినవాళ్ల పేరు మెయిల్‌రూమ్ గోడ మీద ఏడాది పాటు ఉంటే ఇంకా మంచిది.

లీజింగ్ ఆఫీసు ఇదంతా ఎందుకు చేస్తుందో మనకు తెలుసు. ఇల్లు ఖాళీ అయితే నష్టం, సరదాగా ఉంటే లీజు పొడిగిస్తారని ఆశ. అందులో తప్పేమీ లేదు. అయితే నిబంధనలు వాళ్ల చేతుల్లోనే వదిలేస్తే ప్రతి ఏడాదీ అవే ఐదు వాక్యాలు వస్తాయి. ప్రతి బిల్డింగ్ నుంచీ ఒకరు ముందుకొచ్చి కాగితాలు పంచడం, పాయింట్లు లెక్కపెట్టడం చూసుకోవాలి. వారం వారం అర పేజీ వార్త రాయాలి. అందులో ఎవరు ముందున్నారన్న దానికంటే సీడ్ అంటే ఏమిటి, ఈ వారం ఏ మ్యాచ్ చూడాలి అన్నది ముందు రావాలి, ఎందుకంటే అడగడానికి సిగ్గుపడేవాళ్లే ఎక్కువ. పేర్లు అడిగి వేయాలి, ఫ్లాట్ నంబర్లు అసలు వేయకూడదు.

ఇంకొకటి. మా పోటీ ఇప్పటికీ పురుషుల టోర్నమెంట్‌కే. 2024లో మహిళల ఫైనల్‌ని, కెయిట్లిన్ క్లార్క్ ఆడిన అయోవా మీద సౌత్ కరోలినా గెలిచిన మ్యాచ్‌ని, సగటున కోటీ 89 లక్షల మంది చూశారు. పురుషుల ఫైనల్ చూసినవాళ్లు కోటీ 48 లక్షలు. అదే ఏడాది ఎన్‌సీ స్టేట్ అమ్మాయిలూ, అబ్బాయిలూ ఇద్దరూ చివరి నాలుగు దాకా వెళ్లారు. మన కాంప్లెక్స్‌లో సాయంత్రాలు బంతి ఆడే ఆడపిల్లలు పదిమంది ఉన్నారు. మహిళల టోర్నమెంట్‌కి కాగితం ఎందుకు లేదో వాళ్లకు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఈసారి ఉంటుంది, ఆఫీసు ఒప్పుకుంది.

జట్ల జాబితా మార్చి 15 ఆదివారం సాయంత్రం వస్తుంది. ఆ రాత్రే రెండు టోర్నమెంట్ల కాగితాలూ ప్రింట్ తీసి మెయిల్‌రూమ్‌లో పెడుతున్నాం. పురుషుల కాగితం గురువారం పొద్దున పదకొండు లోపు ఇవ్వాలి. ఉగాది పచ్చడి చేసి ఎదురింటికి పట్టుకెళ్లేవాళ్లు ఒక ఖాళీ కాగితం కూడా వెంట తీసుకెళ్లండి. మూడో బిల్డింగ్‌లో రెండో అంతస్తుకి నేను వెళ్తున్నాను.