మహారాజశ్రీ తోక చక్రం గారికి

గుంటూరు బ్రాడీపేట నుంచి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం. కబ్ విమానం కుడి రెక్క కొస మాత్రం కాస్త గీసుకుపోయింది. మీకేం, మీరు నిక్షేపంగా ఉన్నారని ఆ రోజు గడ్డిలో దిగి కళ్ళారా చూశాను.

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ శనాదివారాలు విమానం నేర్చుకున్నవాణ్ణి. మొదట నేర్చుకున్నది ముక్కు కింద చక్రం ఉన్న రకం. దాని బరువు కేంద్రం పెద్ద చక్రాలకు ముందుంటుంది కాబట్టి, కాస్త పక్కకు జరిగినా అదే సర్దుకుంటుంది. ముక్కును పక్కలకు తిప్పే పెడల్స్ ఉన్నది కాళ్ళు చాపుకోవడానికే అనిపించేంత మంచితనం దానిది. ఆ మంచితనం చూసి పొగరెక్కి మీ దగ్గరికి వచ్చాను. ముక్కు కింద కాక తోక కింద చక్రంగా మీరుండే చిన్న విమానం, పైపర్ జె-3 కబ్. 1938లో వచ్చిన మోడల్, 65 గుర్రాల ఇంజను, గంటకు 60, 65 కిలోమీటర్ల దగ్గరే గాల్లోకి లేస్తుంది. మా లక్ష్మీపురం మెయిన్ రోడ్డు మీద కుర్రాళ్ళ బైకులు అంతకంటే జోరుగా పోతాయి. దీన్ని తిప్పలేనా అనుకున్నాను. తిప్పాను. గుండ్రంగా.

తమరి ఏర్పాట్లు చూస్తే ముచ్చటేస్తుంది. బరువు కేంద్రాన్ని పెద్ద చక్రాల వెనక పెట్టించుకున్నారు. ముక్కు వేలెడు పక్కకు తిరిగితే చాలు, వెనకున్న బరువు తాను ముందుకొస్తానని బయల్దేరుతుంది. ఇంజను జోరు పెంచే థ్రాటిల్ తోస్తే ప్రొపెల్లర్ గాలి సుడి తిరుగుతూ వచ్చి తోకను ఎడమ పక్క నుంచి మోదుతుంది. తోక నేల మీదున్నంతసేపు ప్రొపెల్లర్‌లో కిందికి దిగే కుడి బ్లేడు ఎక్కువ లాగుతుంది. తోక లేపగానే అదే ప్రొపెల్లర్ బొంగరం బుద్ధి చూపిస్తుంది, ముందుకు వంచితే పక్కకు తిరుగుతుంది. ఇన్నీ కలిసి ముక్కును తోసేది ఎడమకే! ఆ రోజు గాలి కూడా ఎడమ నుంచే. ఇంతమంది ఒక్క మాట మీద నిలబడటం మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఏనాడూ చూడలేదు.

అసలు దెబ్బ అక్కడ కాదు లెండి. మొదట్లో దారి పట్టించేది మీరు. చేతిలోని స్టిక్ ముందుకు నెట్టి తోక లేపగానే మీరు నేల వదిలేస్తారు. ఇక పెడల్స్‌తో తిరిగే తోక మీది నిలువు పలక, రడ్డర్, చూసుకోవాలి. వేగం చాలక దానికింకా బలం రాదు. పాత ఆఫీసరు రిలీవ్ అయ్యాడు, కొత్తాయన చార్జి తీసుకోలేదు, ఫైలు మాత్రం పరిగెడుతూనే ఉంది. తొందరపడి ముందే తోక లేపింది నేనే, ఒప్పుకుంటాను. ముక్కు ఎడమకు పోయింది. ఓ క్షణం ఆశ్చర్యపోయాను (చెడింది అక్కడే). తర్వాత కుడి పెడల్ మీద లేచి నిలబడ్డంత పని చేశాను. కుడికి దూకింది. కంగారుగా ఎడమ పెడల్ తొక్కాను. ఈసారి తోకే చుట్టూ తిరిగి ముందుకొచ్చి నన్ను పలకరించింది. మొదటి వంకరకే థ్రాటిల్ వెనక్కి లాగేసి ఉండాల్సిందని గడ్డిలో ఆగాక గుర్తొచ్చింది.

సెలవులకు ఊరొచ్చి ఈ కథంతా బాబాయికి చెబితే, "ఎడమకు లాగుతుంటే ఆటోనగర్‌లో అలైన్‌మెంటు చేయించకపోయావురా" అన్నాడు. మర్నాడు మిర్చి యార్డుకు వెంటబెట్టుకుపోయాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) నింపిన ట్రక్కును రెండు లారీల మధ్యలోకి ట్రాక్టరుతో రివర్సులో పెడుతున్నాడు బాబాయి. స్టీరింగ్ చిటికెడు ఇటు, చిటికెడు అటు, ఒక్క క్షణం ఆగకుండా. "అది తిరిగాక తిప్పితే ఏం లాభంరా? తిరగబోతోందని నీకు ముందే తెలియాలి" అన్నాడు. ఇదే ముక్క చెప్పడానికి మా ఇన్‌స్ట్రక్టర్ గంటల లెక్కన డాలర్లు పుచ్చుకున్నాడు.

"ఓసారి నాకివ్వు బాబాయ్" అన్నాను. ప్రస్తుతం యార్డులో ఒక లారీ ఆయనకు వెనక లైటు బాకీ ఉన్నాను.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
కుడి కాలుకు ఇంకా కాపడం పెట్టుకుంటున్నవాడు