యానాం పడవెక్కింది కాగితానికి భయపడి కాదు

నాకు ఈ నెల్లోనే నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: 1872లో తెల్లవాడు హిందువుల పెళ్ళిళ్ళకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాడట. ఆ బాధ పడలేక గోదావరి జిల్లాలవాళ్ళు యానాం పోయి పెళ్ళిళ్ళు చేసుకున్నారట. కుష్ఠు రోగుల్ని వెలివేసే చట్టం కూడా వాడిదేనట, స్వాతంత్ర్యం రాగానే మనవాళ్ళు దాన్ని చించి పారేశారట.

రిజిస్ట్రారాఫీసు ఎదుట దస్తావేజులు రాసుకుని బతికేవాణ్ణి. చూస్తూ ఊరుకోలేకపోయాను.

1872 నాటి మూడో నంబరు చట్టం, అంటే ప్రత్యేక వివాహ చట్టం, బెంగాలు సంస్కర్త కేశవచంద్ర సేన్, ఆయన బ్రహ్మసమాజం వాళ్ళు అడగ్గా వచ్చింది. దాని కింద పెళ్ళాడాలంటే వధూవరులిద్దరూ తాము హిందువులం కామని, ముస్లిములమో క్రైస్తవులమో కూడా కామని రాసి సంతకం పెట్టాలి. హిందువునని చెప్పుకుంటూ ఆ చట్టం కింద పెళ్ళాడే వీలు 1923 సవరణతోగానీ రాలేదు. ఇక హిందువులందరికీ తప్పనిసరి చేసిందెక్కడ? అదే ఏడు క్రైస్తవుల పెళ్ళిళ్ళకి వేరే చట్టం వచ్చింది, దాన్లో రిజిస్టరు ఉంది. రెంటినీ కలిపి పులిహోర చేసినట్టున్నారు.

తప్పనిసరి చేసింది మనమే. 2002లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో సీమ వర్సెస్ అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకీ అదే చెప్పింది. అయినా 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం, రిజిస్టరులో ఎక్కనంత మాత్రాన పెళ్ళి చెల్లకపోదు.

ఇక యానాం సంగతి. జనం అక్కడికి వెళ్ళిన మాట నిజం. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే పడింది. కానీ వెళ్ళింది 1930 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన శారదా చట్టాన్ని తప్పించుకోడానికి. (శారద అంటే ఎవరో ఆడమనిషి అనుకుంటారు చాలామంది. ఆయన అజ్మీరుకి చెందిన హరబిలాస్ శారదా.) అమ్మాయికి 14, అబ్బాయికి 18 నిండాలన్నదే ఆ చట్టం. రిజిస్టరు ఊసే లేదు. తప్పితే నెల దాకా సాధారణ జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిగిన పెళ్ళి మాత్రం చెల్లేది. అప్పట్లో యానాం ఫ్రెంచివాళ్ళది కాబట్టి ఈ చట్టం అక్కడ పనిచేసేది కాదు.

మా నాయనమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. చీకటుండగానే ఎదుర్లంక రేవులో పడవెక్కించారట. "నిద్రలోనే దించారురా, కళ్ళు తెరిచేసరికి నెత్తిన జీలకర్రా బెల్లం" అనేది. బాసికం ముక్కు మీదికి జారిపోతుంటే మేనత్త మాటిమాటికీ పైకి నెట్టేదట. ఏ ఆఫీసు గడపా తొక్కలేదు, వేలిముద్ర కూడా వెయ్యలేదు. వాళ్ళు భయపడింది కాగితానికి కాదు, పిల్ల వయసుకి.

కుష్ఠు చట్టం దగ్గర మెసేజిది సగం నిజం. 1898 లెపర్స్ యాక్ట్ తెల్లవాడిదే, ఘోరమైనదే. ఆ జబ్బుతో బిచ్చమెత్తుకునేవాణ్ణి పోలీసు వారంటు లేకుండా పట్టుకోవచ్చు, ఆశ్రమంలో నిర్బంధించవచ్చు. చట్టం నోటిఫై చేసినచోట కుష్ఠు రోగులు తిండి వస్తువులు అమ్మకూడదు, ఊరి చెరువులో స్నానం చెయ్యకూడదు, బాడుగ బండెక్కకూడదు. రైలుకి మాత్రం మినహాయింపు. రైలు ఎవరిదో చెప్పక్కర్లేదు కదా.

కానీ దాన్ని 1947లో ఎవరు పారేశారు? పార్లమెంటు రద్దు చేసింది 2016లో. పైగా 1955లో హిందూ వివాహ చట్టం రాసినప్పుడు విడాకులకి చూపించదగ్గ కారణాల్లో కుష్ఠుని కూడా చేర్చింది మన సభే. అది 2019లోగానీ పోలేదు. ఆ జబ్బుకి రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది 1981లోనే.

ఆస్తి కాగితాలు రాసేవాణ్ణి కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. ముదిరిన కుష్ఠు ఉన్నవాడికి తండ్రి ఆస్తిలో వాటా లేదన్నది తెల్లవాడు పెట్టింది కాదు, మన పాత ధర్మశాస్త్రాల మాట. దాన్ని తీసేసింది 1928 నాటి చట్టం, తెల్లదొరల ఏలుబడిలోనే.