హుయేనా, హోయాన్‌నా?

(వియత్నాం ప్రయాణం ఖాయమైంది. దనాంగ్‌లో విమానం దిగాక మకాం ఎక్కడన్న దగ్గరే బావకూ బావమరిదికీ పేచీ. హోయాన్ ముప్పై కిలోమీటర్లు, హుయే వంద.)

బావ: హోయాన్‌లోనే దిగుదాం మురళీ. వందల ఏళ్లు ఓడలు వచ్చిపోయిన రేవు. జపాన్ వర్తకుల వంతెన, చైనా వర్తకుల సంఘ భవనాలు, వీధులకు వీధులే చెక్కుచెదరకుండా ఉన్నాయి.

మురళి: చెక్కుచెదరనివి గోడలే బావా. లోపలంతా దర్జీ కొట్లు, లాంతర్ల కొట్లు. రాత్రయితే ఫోటోల కోసం వచ్చినవాళ్లతో ఆ వంతెన దగ్గర నిలబడే చోటుండదు. హుయే అలా కాదు. 1802 నుంచి 1945 దాకా న్గుయెన్ రాజుల రాజధాని.

బావ: ఇప్పుడేం మిగిలింది? 1947లో ఫ్రెంచివాళ్లతో పోరులో కొంత, 1968లో అమెరికాతో జరిగిన యుద్ధంలో కొంత, కోటలో సగం నేలమట్టమైంది. టికెట్టు కొని పచ్చిక చూసి రావాలా?

మురళి: పచ్చిక ఉన్నమాట నిజమే. కానీ న్గుయెన్ రాజు ఖాయ్ దిన్ సమాధి ఉంది చూడండి, బయటికి నల్లబారిన కాంక్రీటు, దిగులుగా ఉంటుంది. లోపల అడుగు పెడితే గోడలనిండా పూలు, చెట్లు, పక్షులు. అన్నీ పింగాణీ పెంకులు, గాజు ముక్కలు అతికి చేసినవే. ఫ్రెంచివాళ్ల చేతికింద పేరుకు రాజైనవాడు పన్నులు పెంచి మరీ 1920లో మొదలుపెట్టించాడు. 1931లో పూర్తయ్యేనాటికి తనే లేడు.

బావ: ఎవరి డాబో చూడడానికి అంత దూరమా! హోయాన్‌లో మామూలు సంసారుల ఇళ్లున్నాయి. ముందు వీధి, వెనుక ఏరు. తన్ కి అనే పాత ఇంటి గోడ మీద వరద ఎంతెత్తు వచ్చిందో ఏడాది వేసి గుర్తులు పెట్టుకున్నారు. నీళ్లొస్తే సామాను అటకెక్కించి, తగ్గాక మళ్లీ కొట్టు తెరుస్తారు. సంస్కృతంటే నాకు అది.

మురళి: మీరు వెళదామంటున్నది దసరా సెలవుల్లో! అక్టోబరు, నవంబరు అక్కడ వరదల కాలం.

బావ: హుయేలో ఎండ కాస్తుందా మరి? వానకు పేరుమోసిన ఊరే అది!

మురళి: కాయదు. కానీ వానలోనూ కాలక్షేపానికి లోటు లేదు. కోటలోని పాత నాటకశాలలో రాజాస్థాన సంగీతం వినవచ్చు. 2003లో యునెస్కో గుర్తించింది దాన్ని. పైగా అక్క మాంసం ముట్టదు. హుయే బౌద్ధుల ఊరు, పాడ్యమికీ పున్నమికీ చాలా ఇళ్లలో శాకాహారమే. అక్కకు తిండి దిగులుండదు.

(అక్క పేరు ఎత్తడం మంచి ఎత్తే. బావ దగ్గర అంతకంటే మంచిది ఉంది.)

బావ: మీ అక్క సంగతా? హోయాన్ నుంచి గంట దారిలో మీసన్. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చాం రాజులు భద్రేశ్వరుడి పేరిట శివుణ్ణి కొలిచిన చోటు. 2020లో మన పురావస్తు శాఖవాళ్లు తవ్వుతుంటే ఇసుకరాతి శివలింగం బయటపడింది. ఇది విన్నాక హుయే అంటుందా?

మురళి: మీసన్ వద్దనలేదే. అది ఒక పూట పని. చూసుకుని దనాంగ్‌లో రైలెక్కితే హాయ్ వాన్ కనుమ దగ్గర సముద్రం అంచునే వెళ్లి హుయేలో దింపుతుంది.

బావ: వానలో సముద్రమా? దసరా మానేసి మార్చిలో పెట్టు.

మురళి: మార్చిలో పిల్లల పరీక్షలు బావా.

బావ: అయితే వేసవి సెలవులే. ఆ ఎండలో నీ ఖాయ్ దిన్ గారి 127 మెట్లు నువ్వే ఎక్కు. మేము ఏటి ఒడ్డున కూర్చుంటాం.