99 దగ్గర ఆపేశాడు, ఎవరూ అడగలేదు

టీవీలో ఎవరైనా బ్యాటర్ 99 దగ్గర అవుటయ్యాడనుకోండి. క్రికెట్ అంటే గిట్టని మా అమ్మమ్మ కూడా వంటింట్లోంచి "అయ్యో, ఒక్క పరుగే కదరా పాపం" అంటుంది. ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు. పదేళ్ల తర్వాత పెళ్లి భోజనాల దగ్గర కూడా ఆ ఇన్నింగ్స్ ప్రస్తావన వస్తుంది.

2024 ఆగస్టులో ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ మార్సెలో బ్రోజోవిచ్ ఇక తన దేశం క్రొయేషియాకు ఆడనని చెప్పేశాడు. అప్పటికి దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు 99. మరుసటి నెలలోనే ఇంకో మ్యాచ్ ఉంది. ఒక్క నెల ఆగితే వంద. ఆగలేదు. ఆ వార్త మా ఫుట్‌బాల్ గ్రూప్‌లో నేనే పెట్టాను. రెండు బొటనవేళ్లు వచ్చాయి, ఒకడు "ఎవరు బ్రో ఇతను?" అని అడిగాడు. అంతే. తర్వాత టర్ఫ్ బుకింగ్ డబ్బులు ఎవరెవరు ఇవ్వలేదో అన్న చర్చలోకి వెళ్లిపోయారు.

పోనీలే అని అప్పుడు ఊరుకున్నాను. మొన్న ఆదివారం ఆట అయ్యాక 2018 ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళ్లిన క్రొయేషియా జట్టు గురించి మాట వచ్చింది. మా వాడొకడు, మంచి ఆటగాడే, షూ లేసులు విప్పుకుంటూ అన్నాడు: "మోడ్రిచ్ ఒక్కడే మోశాడ్రా. ఆ పదకొండు నంబరోడు పరిగెత్తడం తప్ప ఏం చేశాడు?"

మోడ్రిచ్ ఆ జట్టు కెప్టెన్, ఆ పదకొండు నంబరోడు మా బ్రోజోవిచ్. అక్కడ నాకు కాలింది. అందుకే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాను.

సరే, పరుగుతోనే మొదలుపెడదాం. 2018 జులై 11, మాస్కో లుజ్నికీ స్టేడియం, ఇంగ్లండ్‌తో ప్రపంచకప్ సెమీఫైనల్. మనకు రాత్రి పదకొండున్నరకి మొదలైంది. అప్పుడు నేను హాస్టల్‌లో ఉండేవాణ్ని. ఒక ల్యాప్‌టాప్, ఐదుగురం, లైట్లు తీసేసి కూర్చున్నాం. మా స్ట్రీమ్ పక్క గది కంటే అర నిమిషం వెనక ఉండేది. కాబట్టి ఏ గోల్ అయినా ముందు గోడ అవతల అరుపుగా వచ్చి, తర్వాత మా తెరమీద కనపడేది. ఐదో నిమిషంలో ట్రిప్పియర్ ఫ్రీకిక్ అలాగే తెలిసింది. 68వ నిమిషంలో పెరిషిచ్ కాలు చాపి కొట్టింది అలాగే. 109వ నిమిషంలో మాంజుకిచ్ గోల్‌కి పక్క గదివాళ్లు మంచాలు ఎక్కి గెంతిన చప్పుడు వచ్చింది. అప్పటికి రాత్రి రెండు కావస్తోంది. ఆ రాత్రంతా పక్క గది అరుపుల్లో బ్రోజోవిచ్ పేరు ఒక్కసారి కూడా వినపడలేదు.

ఆ రాత్రి అతను పరిగెత్తింది 16.3 కిలోమీటర్లు. మామూలుగా ఒక మిడ్‌ఫీల్డర్ తొంభై నిమిషాల్లో పదో పన్నెండో పరిగెడతాడు. ఇక్కడ అదనపు సమయం కూడా కలిసింది, ఒప్పుకుంటాను. కానీ డెన్మార్క్‌తో, రష్యాతో, ఇంగ్లండ్‌తో వరుసగా మూడో నాకౌట్ మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్లిన జట్టు అది. నాలుగేళ్ల తర్వాత ఖతర్ ప్రపంచకప్‌లో జపాన్ మీద 16.7 కిలోమీటర్లు పరిగెత్తి తన లెక్క తనే దాటేశాడు. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రో లైను 29 కిలోమీటర్లు. అందులో సగం దాటి మరీ పరుగు, అదీ మధ్య మధ్యలో ఎదురొచ్చినవాణ్ని గుద్దుకుంటూ. అదయ్యాక షూటౌట్‌లో వెళ్లి పెనాల్టీ కూడా కొట్టాడు, లోపలికే పోయింది. గోల్‌కీపర్ లివాకోవిచ్ మూడు ఆపాడు కాబట్టి ఆ రాత్రి పేరు అతనికి దక్కింది, దక్కాల్సిందే.

అయితే నా అభిప్రాయంలో అతని కొంప ముంచింది ఈ అంకెలే. 16.3 అనేసరికి జనం మనసులో ఒక బొమ్మ పడిపోయింది. పాపం కష్టజీవి, చెమటోడుస్తాడు, ఇటుకలు మోస్తాడు, మేస్త్రీ మాత్రం మోడ్రిచ్. ఈ బొమ్మ తప్పు. అతని ఆటలో నాకు బాగా నచ్చే పని పరుగు కాదు, నడక.

అతను ఆడిన ఇటలీ క్లబ్ ఇంటర్ మిలాన్ పాత మ్యాచ్ ఏదైనా పెట్టుకుని బంతిని వదిలేసి పది నిమిషాలు అతన్నొక్కణ్నే చూడండి. ముగ్గురు డిఫెండర్ల ముందు నిలబడి ఉంటాడు. ఎదుటి కోచ్ "వీణ్ని వదలొద్దు" అని ఒక స్ట్రైకర్‌ని అంటగట్టి ఉంటాడు. అప్పుడు బ్రోజోవిచ్ బంతి కోసం పరిగెత్తడు. కూరగాయల మార్కెట్‌కి వెళ్లినవాడిలా చేతులు వదిలేసి బంతికి దూరంగా పక్కకి నడుచుకుంటూ పోతాడు. అతని వెనకే ఆ స్ట్రైకర్ కూడా పోతాడు. మధ్యలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీలోంచి డిఫెండర్ బాస్తోనీ బంతి తీసుకుని నింపాదిగా ముందుకొచ్చేస్తాడు. కామెంటేటర్ "బాస్తోనీ ఎంత చక్కగా వచ్చాడు" అంటాడు. మనమూ అంటాం. అసలు తలుపు తీసినవాడు కెమెరా చివర్లో సాక్స్ సర్దుకుంటూ ఉంటాడు.

ఇది పుట్టుకతో వచ్చింది కూడా కాదు. 1992లో జాగ్రెబ్‌లో పుట్టి, హ్ర్‌వాత్‌స్కీ డ్రాగోవోల్యాట్స్, లోకోమోటీవా, దీనమో మీదుగా 2015 జనవరిలో ఇంటర్‌కి వచ్చాడు. మొదటి మూడేళ్లు అతనితో ఏం చేయించాలో ఎవరికీ తెలీదు. ఒకసారి స్ట్రైకర్ల వెనక, ఒకసారి పక్కన, ఒకసారి బెంచీ మీద. గోల్ కొడితే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఫొటో స్టూడియోలో కూర్చున్నట్టు పోజిచ్చేవాడు. దానికి మీమ్స్ వచ్చాయి, పేరు మాత్రం రాలేదు. 2018 జనవరిలో స్పెయిన్ క్లబ్ సెవియాకి పంపేద్దామనే దాకా వచ్చింది, పొసగలేదు. ఫిబ్రవరిలో బొలోన్యాతో మ్యాచ్‌లో మార్చేస్తుంటే సొంత అభిమానులు ఈలలేశారు. ఇతను వాళ్లకి వెటకారంగా చప్పట్లు కొట్టాడు. ఇంటర్ సొంత మైదానం శాన్ సిరోలో అలా చేయడమంటే బ్యాగు సర్దుకోవడమే.

ఆ తర్వాత నెల తిరక్కుండానే కోచ్ స్పల్లెట్టి అతన్ని వెనక్కి లాగి డిఫెన్స్ ముందు నిలబెట్టాడు. ఇటలీవాళ్లు ఆ స్థానాన్ని రెజిస్టా అంటారు, అంటే దర్శకుడు. బద్ధకస్తుడని తిట్టిన మనిషే అక్కడ నిలబడ్డాక ఆటంతా నడిపించాడు. ముందున్నప్పుడు వీపు గోల్ వైపు ఉండేది, ఇప్పుడు మైదానం మొత్తం కళ్ల ముందుంది. తేడా అంతే. మా ఆఫీసులో కూడా ఒకతను ఉండేవాడు, సేల్స్‌లో పనికిరాడని తిట్లు తిని తిని, టీమ్ మారాక... సరే, ఆ కథ ఇంకోసారి.

ఇప్పుడు మోడ్రిచ్ ఒక్కడే మోశాడన్న మాటకి వద్దాం. నేను మోడ్రిచ్ భక్తుణ్నే, ఆయన మీద ఈగ వాలినా ఊరుకోను. కానీ 2018 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ నైజీరియా మీద చూడండి. కోచ్ దాలిచ్ మోడ్రిచ్, రాకిటిచ్ ఇద్దర్నీ వెనకాల పెట్టి, ముందు క్రమారిచ్‌ని ఆడించాడు. బ్రోజోవిచ్ మొదటి పదకొండులో లేడు. గెలిచారు గానీ ఒక సెల్ఫ్ గోల్, ఒక పెనాల్టీ, అంతే. రెండో మ్యాచ్ అర్జెంటీనాతో. ఈసారి బ్రోజోవిచ్ వచ్చి వెనక నిలబడ్డాడు. మోడ్రిచ్, రాకిటిచ్ ఇద్దరూ ముందుకు కదిలారు. 3-0. రెండో గోల్ మోడ్రిచ్, మూడో గోల్ రాకిటిచ్. మెస్సీకి బంతి అందే దారులే మూసుకుపోయాయి. ఇంటికి కాపలా ఉన్నవాడు ఉన్నాడు కాబట్టే ఆ ఇద్దరూ ధీమాగా బయటికి వెళ్లగలిగారు. హైదరాబాద్ నగరమంత జనాభా కూడా లేని దేశం ఫైనల్ దాకా వెళ్లిందంటే ఆ ఒక్క మార్పు చిన్నదేం కాదు.

ఫ్రాన్స్‌తో ఫైనల్లో మొదటి గోల్‌కి దారి తీసిన ఫౌల్ నింద కూడా అతని మీదే పడింది. ఫ్రాన్స్ ఆటగాడు గ్రీజ్‌మన్ పడ్డ తీరు నాకిప్పటికీ మింగుడుపడదు. తగలకముందే పడిపోయాడంటాను. రిఫరీ ఫ్రీకిక్ ఇచ్చాడు, అది మాంజుకిచ్ తలకి తగిలి సొంత గోల్లోకి పోయింది. 4-2తో ఓడారు.

గోడ వెనక పడుకునే సంగతి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తవదు. 2018 అక్టోబర్, బార్సిలోనాలో ఇంటర్‌కి బార్సిలోనా క్లబ్‌తో మ్యాచ్. వాళ్ల స్ట్రైకర్ సువారెజ్ ఫ్రీకిక్ కొట్టబోతున్నాడు. గోడలో ఉన్నవాళ్లు ఎగిరితే కింద నుంచి కొడతాడని బ్రోజోవిచ్‌కి తట్టింది. వెళ్లి గోడ వెనక నేలమీద పడుకున్నాడు. సువారెజ్ సరిగ్గా కిందనుంచే కొట్టాడు, బంతి వచ్చి ఇతనికే తగిలి ఆగిపోయింది. ఇటలీలో దాన్ని మొసలి అన్నారు. ఆ మ్యాచ్ 2-0తో ఓడారు, అది వేరే సంగతి. ఆయన కంటే ముందు ఎవరూ పడుకోలేదని నేను అనను. కానీ ఇవాళ ప్రతి లీగ్‌లో ప్రతి జట్టూ ఒకణ్ని గోడ వెనక పడుకోబెడుతోందంటే, దాన్ని అలవాటు చేసిన రాత్రి అదే.

అది చూసి నేను మా టర్ఫ్ మీద ఒకసారి పడుకున్నాను. చెప్తే నవ్వుతారు. ఆ నల్ల రబ్బరు గింజలు చొక్కాలోకి, చెవిలోకి పోయాయి. గోడలో నిలబడ్డ ముగ్గురిలో ఇద్దరు ఎగరలేదు, ఎగిరిన ఒకడు దిగుతూ నా మోచేయి తొక్కాడు. బంతి మాత్రం ఎవరికీ తగలకుండా పైనుంచి వెళ్లి నెట్‌లో పడింది. అక్కడ పడుకుంటే ఏం కనపడుతుందో తెలుసా? పిక్కలు. మూడు జతల పిక్కలు, ఒక చిరిగిన సాక్స్. బంతి కనపడదు. ఎటు నుంచి వచ్చి ఎక్కడ తగులుతుందో తెలీదు. పేరొచ్చే స్థానం కాదది. స్టేడియంలో ఎనభై వేల మంది ఉన్నా అక్కడ నువ్వు ఒక అడ్డుకట్టవి, అంతే. అప్పటి నుంచి మా వాళ్లు నన్ను మొసలి అనే పిలుస్తారు. బాగానే ఉంది.

ఇంటర్‌కి వస్తే, పదకొండేళ్ల తర్వాత 2021లో ఇటలీ లీగ్ గెలిచారు, యువెంటస్ తొమ్మిదేళ్ల వరస తెగింది. లుకాకు, లౌతారో గోల్స్ గుర్తున్నాయి అందరికీ. కానీ 2022 మార్చిలో గాయంతో ఇతను కొన్ని మ్యాచ్‌లకి దూరమైనప్పుడు ఇంటర్ ఎలా తడబడిందో చూసినవాళ్లకి తెలుసు. బంతి వెనక నుంచి ముందుకే పోలేదు. ఆ సీజన్ ఏసీ మిలాన్‌కి 86 పాయింట్లు, ఇంటర్‌కి 84. ఆ రెండు పాయింట్లూ ఈయన లేకపోవడం వల్లే పోయాయని లెక్కగట్టి చెప్పలేను, బొలోన్యాలో గోల్‌కీపర్ తప్పుతో చేజారిన మ్యాచ్ కూడా ఉంది. కానీ నా మనసుకి సమాధానం అదే.

నాకు ఇబ్బందిగా ఉండే సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మా వాళ్లే కింద కామెంట్‌లో పెడతారు. 2022 సెప్టెంబర్‌లో మళ్లీ గాయపడితే ఆ స్థానంలోకి ఇంటర్‌లోనే ఇంకో మిడ్‌ఫీల్డర్ చల్హానోలు వచ్చాడు. బ్రహ్మాండంగా ఆడాడు. ఎంత బాగా అంటే, 2023 జూన్‌లో ఇస్తాంబుల్‌లో మాంచెస్టర్ సిటీతో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇద్దరూ కలిసి ఆడిన నెల రోజులకే ఇంటర్ బ్రోజోవిచ్‌ని కోటీ ఎనభై లక్షల యూరోలకి సౌదీ క్లబ్ అల్ నస్ర్‌కి అమ్మేసింది. ఎనిమిదేళ్లు ఆడిన ఇంట్లో తన కుర్చీ అంత తేలిగ్గా నిండిపోవడం నాకు మింగుడుపడలేదు. ముప్పై ఏళ్లకే సౌదీ వెళ్లడం కూడా నచ్చలేదు. డబ్బు కోసమే వెళ్లాడంటారు. వెళ్లి ఉంటాడు. అతను సాధువని నేనెక్కడా చెప్పలేదు. ఎల్లో కార్డులు ఊరికే తెచ్చుకునేవాడు, అలిగితే మొహంలోనే కనిపించేది, కొన్ని సాయంత్రాలు నిద్రలో ఆడుతున్నట్టే ఉండేవాడు.

అయినా "పరిగెత్తడం తప్ప ఏం చేశాడు" అంటే మాత్రం ఒప్పుకోను. ఎటు పరిగెత్తాలో, ఎప్పుడు ఆగాలో తెలిసినవాణ్ని పట్టుకుని ఆ మాట అంటే, ఆదివారాలు బంతి ఎటుంటే అటు పరిగెత్తే మనల్ని ఏమనాలి?

చివరగా ఆ వందో మ్యాచ్ సంగతి. 2024 సెప్టెంబర్ 5, లిస్బన్. నేషన్స్ లీగ్, పోర్చుగల్ మీద క్రొయేషియా. ఎదుటి జట్టులో అల్ నస్ర్‌లో రోజూ ఇతనితో ప్రాక్టీస్ చేసే క్రిస్టియానో రొనాల్డో. మనకి అర్ధరాత్రి దాటాక మొదలైంది. మొదటి సగంలోనే నూనో మెండెస్ క్రాస్ వేశాడు, రొనాల్డో దగ్గర్నుంచి లోపలికి తోశాడు. కెరీర్‌లో 900వ గోల్. మోకాళ్ల మీద కూలబడి చేతులతో మొహం కప్పుకున్నాడు. పొద్దున లేచేసరికి మా గ్రూప్‌లో నలభై మూడు మెసేజ్‌లున్నాయి, అన్నీ ఆ అంకె మీదే. "ఎవరు బ్రో ఇతను" అని అడిగినవాడు ఏకంగా స్టేటస్ పెట్టేశాడు.

నేను బ్రష్ చేసుకుంటూ స్కోర్‌కార్డ్ తెరిచాను. క్రొయేషియా జట్టు, సబ్‌స్టిట్యూట్లతో సహా, కింది దాకా చూశాను. అతని పేరు ఉండదని తెలిసీ రెండుసార్లు చూశాను.