కారు కొన్నాక కాదు, కొనకముందే చెప్పాలి

విదేశంలో కారు కొనడం ఇప్పుడు పెద్ద కష్టమేమీ కాదు. ఫొటోలు చూసి, వీడియో కాల్‌లో ఇంజిన్ శబ్దం విని డబ్బు పంపేస్తే చాలు, ఓడ ఎక్కించి పంపేవాళ్ళు రెడీగా ఉంటారు. అసలు టెన్షన్ కారు రేవులో దిగాక మొదలవుతుంది. సొంత దేశంలో దానికి నంబర్ ప్లేటు వస్తుందా, వస్తే ఎంత కట్టాలి, ఏమేం మార్పించాలి అన్న ప్రశ్నలకు అధికారుల నుంచి కచ్చితమైన జవాబు చాలాచోట్ల కొన్నవాడి డబ్బంతా చెయ్యి దాటిపోయాకే వస్తోంది. పరీక్ష రాసేశాక సిలబస్ చేతికిచ్చినట్టుంది ఈ పద్ధతి. ఛాసిస్ నంబరూ కారు పత్రాల కాపీలూ పెట్టి అడిగిన మనిషికి డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా జవాబివ్వాలి, ఆ తర్వాత మాట మార్చకూడదు. రిజిస్ట్రేషన్ శాఖలను మేము అడుగుతున్నది ఇదే.

నిబంధనలు ఎత్తేయమని మేము అనడం లేదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2015 నుంచి 2018 దాకా యూరప్, అమెరికా, జపాన్‌ల నుంచి 1.4 కోట్ల సెకండ్ హ్యాండ్ తేలికపాటి వాహనాలు బయటికి వెళ్ళాయి, వాటిలో 80 శాతం దాకా చేరింది పేద, మధ్యాదాయ దేశాలకే. పొగ కక్కే బండ్లు, బ్రేకులు సరిగా పడని బండ్లు మా రోడ్ల మీదికి రావద్దని ఒక దేశం అంటే అందులో తప్పేముంది? కెన్యా ఎనిమిదేళ్ళు దాటిన కార్లను రానివ్వదు. అమెరికా లెక్క దీనికి పూర్తిగా తలకిందులు: తమ భద్రతా ప్రమాణాలకు తగ్గట్టు తయారుకాని కారు 25 ఏళ్ళు నిండితే తప్ప సులభంగా లోపలికి రాదు, కెనడాలో ఆ గడువు 15 ఏళ్ళు. ఒకచోట పాతబడితే రానివ్వరు, ఇంకోచోట పాతబడితేనే రానిస్తారు. దేనికి దానికి కారణం ఉంది, కాదనం. కానీ ఇంత తేడా ఉన్నచోట మామూలు మనిషి సొంతంగా ఊహించుకుని లక్షలు పెట్టలేడు కదా.

వయసు లెక్క కనీసం సులువుగా తెలుస్తుంది. చిక్కంతా సాంకేతిక ప్రమాణాల్లో ఉంది. ఈసారి ఏదైనా కారు హెడ్‌లైట్ అద్దాన్ని దగ్గర నుంచి చూడండి, చాలా వాటి మీద చిన్న గుండ్రటి గీతలో ‘ఈ’ అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన ఒక అంకె కనిపిస్తాయి. 1 ఉంటే ఆమోదం ఇచ్చింది జర్మనీ, 2 ఉంటే ఫ్రాన్స్, 11 ఉంటే బ్రిటన్. 1958లో ఐక్యరాజ్యసమితి ఛత్రం కింద కుదిరిన ఒప్పందం వల్ల ఒక సభ్యదేశం ఆమోదించిన లైటునో అద్దాన్నో సీటు బెల్టునో అదే నిబంధన పాటించే మిగతా సభ్యదేశాలు మళ్ళీ పరీక్షించకుండా ఒప్పుకుంటాయి. అమెరికా, కెనడా ఆ ఒప్పందంలో లేవు. అమెరికాలో కంపెనీయే తన కారు ప్రమాణాలకు సరిపోతుందని ప్రకటించి, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ అంటిస్తుంది. అక్కడ వెనక ఇండికేటర్ ఎర్రగా వెలిగినా చెల్లుతుంది, యూరప్‌లో అది నారింజ రంగులో ఉండాలి. ఎడమ వైపు నడిపే దేశం కోసం చేసిన హెడ్‌లైట్‌తో కుడి వైపు నడిపే దేశానికి వెళితే ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళల్లో వెలుగు కొడుతుంది. అంటే అది మార్చాల్సిందే, మార్చమనడం న్యాయమే. ఆ మాట కారు రేవులో నిలబడి, రోజు రోజుకీ అద్దె పెరుగుతున్నప్పుడు చెప్పడమే అన్యాయం.

ఇక కాగితాల సంగతి. జర్మనీలో రిజిస్ట్రేషన్ పత్రం రెండు భాగాలుగా ఉంటుంది, మొదటిది బండితో తిరిగేది, రెండోది ఇంట్లో భద్రంగా దాచుకునేది. అమ్మేవాడు మొదటి భాగం ఒక్కటే చేతికిచ్చి పంపాడంటే సొంత దేశంలో ఫైలు కదలడం కష్టం. బండిని సొంతంగా నడుపుకుంటూ తెచ్చేవాళ్ళకి అక్కడ ఎగుమతి ప్లేటు ఇస్తారు, దాని కుడి అంచున ఎర్ర పట్టీ, ఆ పట్టీ మీద గడువు తేదీ ఉంటాయి, ఆ తేదీ దాటితే ఆ ప్లేటుతో రోడ్డెక్కకూడదు. జపాన్ నుంచి అయితే అక్కడి రిజిస్ట్రేషన్ రద్దు చేయించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. యూరప్‌లో అన్నిటికంటే పనికొచ్చే కాగితం, కారు ప్రమాణాలకు సరిపోతుందని కంపెనీ ఇచ్చే అనుగుణ్యతా ధ్రువపత్రం: బరువు, శబ్దం, పొగ, టైరు సైజు అన్నీ అందులో ఉంటాయి. అది ఉంటే పని చాలా తేలిక. పోగొట్టుకుంటే కంపెనీ నుంచి మళ్ళీ తెప్పించుకోవాలి, దానికి ఫీజు, ఎదురుచూపు రెండూ తప్పవు.

పన్ను దగ్గర మోసపోయేవాళ్ళే ఎక్కువని మా అభిప్రాయం. యూరోపియన్ యూనియన్ లోపల ఒక దేశం నుంచి మరో దేశానికి తెచ్చే కారు వాడకంలోకి వచ్చి ఆరు నెలలు దాటకపోయినా, 6,000 కిలోమీటర్లకు మించి తిరగకపోయినా, రెండింట్లో ఏ ఒక్కటి ఉన్నా పన్ను లెక్కలో అది కొత్త కారే, వ్యాట్ సొంత దేశంలో కట్టాలి. అది తెలియక అమ్మినచోట ఒకసారి, ఇంటికొచ్చాక ఒకసారి కట్టి, మొదటిది వెనక్కి తెచ్చుకోవడానికి తిరిగేవాళ్ళు ఉంటారు.

ప్రభుత్వాలు ప్రతిసారీ భద్రత కోసమే నిబంధనలు పెడతాయన్న నమ్మకం మాకు లేదు. పెద్ద ఇంజిన్ కార్ల మీద ఫ్రాన్స్ వేసిన ప్రత్యేక పన్ను ఆచరణలో దిగుమతి కార్ల మీదే పడుతోందని 1985లో యూరప్ న్యాయస్థానం తప్పుపట్టింది. 2011లో రుమేనియా కాలుష్య పన్నుదీ అదే కథ, దేశంలో అప్పటికే తిరుగుతున్న అలాంటి పాత కార్లకు లేని భారం బయటి నుంచి తెచ్చిన వాటి మీద పెట్టారు. పోలండ్, లిథువేనియాలు కుడివైపు స్టీరింగ్ ఉంటే ఎడమకి మార్పిస్తేనే రిజిస్టర్ చేస్తామన్నాయి, అదీ చెల్లదని 2014లో కోర్టు చెప్పింది. కానీ ఒక కారు కోసం కోర్టు దాకా వెళ్ళే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

ముందే చెప్పడం సాధ్యం కాదని అధికారులు అనలేరు. 2017 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య సంస్థ వాణిజ్య సౌలభ్య ఒప్పందం, సరుకు ఏ సుంకం పద్దు కిందికి వస్తుందో, ఏ దేశానిదిగా లెక్కిస్తారో దిగుమతికి ముందే రాసివ్వాలని, ఆ రాతకు కస్టమ్స్ కట్టుబడాలని అంటోంది. కస్టమ్స్ చేయగలిగింది రిజిస్ట్రేషన్ శాఖ ఎందుకు చేయలేదు? పని భారం పెరుగుతుందంటే ఫీజు తీసుకోండి, అడిగేవాళ్ళు సంతోషంగా కడతారు. పంపిన కాగితాలకీ వచ్చిన కారుకీ పొంతన లేకపోతే ఆ జవాబు చెల్లదని షరతు పెట్టండి, అదీ సబబే. మీటరు వెనక్కి తిప్పే మోసానికి బెల్జియం ఏం చేసిందో చూడండి: 2006 నుంచి సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్ళు దాని కిలోమీటర్ల చరిత్ర చూపే పత్రాన్ని కొనేవాళ్ళకి ఇచ్చి తీరాలి. అలాంటి సమాచారం సరిహద్దు దాటి అవతలి శాఖకు కూడా చేరాలి. ఒక దేశంలో వరదలో మునిగిందని రాసిపెట్టిన కారు ఇంకో దేశంలో శుభ్రమైన పత్రంతో కొత్త జీవితం మొదలుపెడుతుంటే, ప్రాణం మీదికి వచ్చేది ఆ సంగతి తెలియకుండా కొన్నవాడికే.

ఈ ఏర్పాటు వచ్చేదాకా కొనేవాళ్ళు చేయగలిగింది కొంత ఉంది. బేరం కుదిరినా డబ్బు పంపకండి. ముందు ఛాసిస్ నంబరు అడిగి, విండ్‌షీల్డ్ కింది మూలలోనో తలుపు చట్రం మీదో ఉన్న అక్షరాలు, అంకెలు పత్రంలో ఉన్నవాటితో ఒక్కటి కూడా తేడా లేకుండా సరిపోతున్నాయో లేదో ఫొటో తెప్పించుకుని చూసుకోండి. సొంత దేశంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఆ వివరాలన్నీ పెట్టి ఈమెయిల్ చేయండి, ఫోన్‌లో చెప్పిన మాటని లెక్కలోకి తీసుకోకండి. కారు నిబంధనలకు సరిపోదన్న కారణంతో రిజిస్ట్రేషన్ రాకపోతే అడ్వాన్స్ వాపసు ఇస్తానని అమ్మేవాడి చేత ఒప్పందంలో రాయించండి. రాయనంటే ఆ కారు వదిలేయండి.