సంఘం సొమ్ముతో ఒక మంచి రంపం కొందాం

సరి సంవత్సరం వచ్చిందంటే ఆగస్టు నెలలో అట్లాంటాలోని జార్జియా వరల్డ్ కాంగ్రెస్ సెంటర్‌లో ఇంటర్నేషనల్ వుడ్‌వర్కింగ్ ఫెయిర్ జరుగుతుంది. ఫర్నిచర్ ఫ్యాక్టరీల వాళ్ళు, కిచెన్ క్యాబినెట్లు చేసేవాళ్ళు, యంత్రాలు అమ్మేవాళ్ళు అందరూ అక్కడికి చేరతారు. ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం సభ్యుల్లో గరాజ్‌లో చెక్కపని మొదలుపెట్టినవాళ్ళు పెరిగారు. ఈ షోకి వెళ్ళివచ్చేవాళ్ళూ పెరిగారు. వాళ్ళతోనూ మన కార్యవర్గంతోనూ ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను. రాబోయే షోలో సంఘం సొమ్ము పెట్టి ఒక టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే రంపం, కొందాం. వేలు తగలగానే ఆగిపోయే రకమే కొందాం. దాంతోపాటు పొట్టు పీల్చే మంచి యంత్రం కూడా.

సంఘానికి రంపం ఎందుకని అడిగేవాళ్ళు ఉంటారు. ఉగాదికి వేదిక మీద నిలబెట్టే ద్వారం, వినాయక చవితి మండపం, బతుకమ్మలు పేర్చే పీట, బొమ్మల కొలువు మెట్లు, సీతారాముల కల్యాణానికి పల్లకి, ఇవన్నీ ఎక్కడ తయారవుతున్నాయి? ఎవరో ఒక సభ్యుడి గరాజ్‌లో, పండగకి ముందు శుక్రవారం రాత్రి, ఆఫీసు పని ముగించుకుని వచ్చిన వాలంటీర్ల చేతుల్లో. రేపు పొద్దుటికి అయిపోవాలన్న టెన్షన్ ఒకపక్క. పిల్లలు చుట్టూ తిరుగుతుంటారు. ఆ రంపం ఏ సేల్‌లోనో మూడు నాలుగు వందల డాలర్లకి కొన్నది. దాని బ్లేడు మీద ఉండాల్సిన గార్డు అడ్డమొస్తోందని ఎప్పుడో విప్పి మూలన పెట్టేశారు. అదేమిటని అడిగితే, “ఏం కాదులే అన్నా, ఇన్నేళ్ళుగా కోస్తూనే ఉన్నాంగా” అంటారు.

అమెరికాలో టేబుల్ సాల వల్ల ఏటా 30,000 మందికి పైగా గాయపడుతున్నారని వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సీపీఎస్‌సీ లెక్క. వేళ్ళు తెగిపోయే ప్రమాదాలే రోజుకు సుమారు 10 జరుగుతున్నాయి. వీళ్ళలో అనుభవం లేనివాళ్ళే కాదు, ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళూ ఉన్నారు. నిమిషానికి మూడు నాలుగు వేల సార్లు తిరిగే బ్లేడు ముందు మన జాగ్రత్త ఒక్క క్షణం సడలితే చాలు.

దీనికి మందు 25 ఏళ్ళ కిందటే దొరికింది. అదీ ఈ అట్లాంటా షోలోనే జనం ముందుకు వచ్చింది. స్టీవ్ గాస్ అనే పేటెంట్ లాయరు, భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు, సరదాకి చెక్కపని చేసేవాడు. మనిషి ఒంటికీ చెక్కకీ విద్యుత్తు విషయంలో ఉన్న తేడాని వాడుకుని బ్లేడుని ఆపవచ్చని 1999లో ఆయనకి తట్టింది. 2000 ఆగస్టులో నమూనా యంత్రం పట్టుకుని ఈ షోకి వచ్చాడు. వేలికి బదులు హాట్‌డాగ్‌ని తిరిగే బ్లేడుకి తగిలించి చూపించాడు. బ్లేడు ఆగిపోయింది, హాట్‌డాగ్ మీద చిన్న గీత పడింది. పెద్ద కంపెనీలేవీ ఆ టెక్నాలజీని లైసెన్స్ తీసుకుని తమ రంపాల్లో పెట్టలేదు. దాంతో ఆయనే స్నేహితులతో కలిసి సాస్టాప్ పేరుతో రంపాలు తయారుచేయించి 2004 నుంచి అమ్మడం మొదలుపెట్టాడు. పనిముట్లు చేసే జర్మనీ కంపెనీ ఫెస్టూల్ మాతృసంస్థ 2017లో ఆ కంపెనీని కొనేసింది. మధ్యలో బాష్ కూడా రియాక్స్ పేరుతో ఇలాంటి రంపం తెచ్చింది గానీ, పేటెంట్ గొడవలో అమెరికాలో దాని అమ్మకం ఆగిపోయింది. వేళ్ళు కాపాడే సంగతి ఇంతకాలం పేటెంట్ల మధ్య నలిగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అది పనిచేసే తీరు కొనేముందు తెలిసి ఉండాలి. బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చర్మం తగలగానే ఆ సంకేతం మారుతుంది. వెంటనే స్ప్రింగు బలంతో ఒక అల్యూమినియం దిమ్మ వెళ్ళి బ్లేడు పళ్ళలో దిగబడుతుంది, బ్లేడు బల్ల కిందికి పడిపోతుంది. ఇదంతా 5 మిల్లీసెకన్లలోపే. ఆ దిమ్మ ఉన్న కార్ట్రిడ్జ్ మళ్ళీ పనికిరాదు, బ్లేడు కూడా చాలాసార్లు పాడవుతుంది. కొత్త కార్ట్రిడ్జ్‌కి 100 డాలర్లు అటూఇటూగా, బ్లేడు ఖర్చు వేరే. తడి చెక్క కోసినా బ్రేక్ పడవచ్చు. ఆరుబయట మండపాలకి మనవాళ్ళు తెచ్చే ప్రెషర్ ట్రీటెడ్ చెక్క, అంటే పుచ్చకుండా మందు ఎక్కించిన చెక్క, కొత్తలో బాగా తడిగా ఉంటుంది. దాన్ని ఆరబెట్టి కోయాలే తప్ప, బ్రేక్‌ని ఆపేసే బైపాస్ తాళంచెవిని వాలంటీర్ల చేతికి ఇవ్వకూడదు.

ఇక ధర. చిన్నదైనా 1,000 డాలర్ల దగ్గర మొదలవుతుంది. ఒకచోట స్థిరంగా నిలబడి పనిచేసేది కావాలంటే 2,000, 3,000 దాటుతుంది. ఒక్కరికి ఇది బరువే. సంఘానికి బరువు కాదంటాను. ఒక్క పెద్ద పండగకి డీజేకీ లైట్లకీ మనం ఎంత ఖర్చు పెడుతున్నామో లెక్కలు చూసే అందరికీ తెలుసు. పైగా మనలో చాలామందికి కీబోర్డు మీద ఆడే వేళ్ళే జీవనాధారం. సంఘం పని చేస్తూ ఒకరి వేలు పోతే ఆ ఇంటికి వెళ్ళి ఏం చెప్తాం?

పొట్టు సంగతి ఎవరూ పట్టించుకోరు. కంటికి కనిపించే రంపపు పొట్టుతో పెద్ద బాధ లేదు, ఊడిస్తే పోతుంది. ఊపిరితిత్తుల్లోకి దిగేది గాల్లో తేలే సన్నటి ధూళి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. వేదిక సామానుకి మనం ఎక్కువగా వాడే ఎమ్‌డీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసిన పలక) కోస్తే వచ్చే దుమ్ము మరీ మెత్తన. షోలో డస్ట్ కలెక్టర్, అంటే ఈ పొట్టు పీల్చే యంత్రం, చూసేటప్పుడు ఎన్ని హార్స్‌పవర్ అన్నది తర్వాత అడగండి. ఫిల్టర్ ఎన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాన్ని ఆపుతుందో ముందు అడగండి. 30 మైక్రాన్ల గుడ్డసంచి పెద్ద పొట్టుని ఆపి, ప్రమాదకరమైన ధూళిని తిరిగి గరాజ్‌లోకే వదులుతుంది. 1 మైక్రాన్‌నో అంతకంటే చిన్నదాన్నో ఆపే ఫిల్టర్ కావాలి.

షోలో తిరిగేటప్పుడు ఇంకో సలహా. మీ చెక్క మీరు పట్టుకెళ్ళండి. ఉలి గానీ చిత్రిక పట్టే తోపడా గానీ అమ్మేవాళ్ళు ప్రదర్శనకి పెట్టుకునేది చారలు తిన్నగా ఉన్న మెత్తటి చెక్క. పనిముట్టుని అప్పుడే సాన పట్టి ఉంటారు. దాని మీద ఏ పనిముట్టయినా సిల్కులాంటి పొర తీస్తుంది. ముడి ఉన్న గట్టి మేపుల్ ముక్క ఒకటి సంచిలో వేసుకెళ్ళి, “దీని మీద ఒకసారి చూపిస్తారా” అని అడగండి. నిజంగా పని తెలిసినవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. షో ధర ఇవాళ్టితో ఆఖరు అని తొందరపెట్టేవాళ్ళ దగ్గర మాత్రం కార్డు తీయకండి. పెద్ద యంత్రాల హాళ్ళలోకి కూడా ఒకసారి వెళ్ళిరండి. బ్లేడు పాడవకుండానే కిందికి దించే ఫెల్డర్ వాళ్ళ పద్ధతి, కెమెరాలతో చేతిని గుర్తుపట్టే ఆల్టెన్‌డార్ఫ్ పద్ధతి వచ్చాయి. అవి ఫ్యాక్టరీ ధరలు, మనకి అందవు. కానీ ఈ విద్య ఎటు పోతోందో చూసినట్టుంటుంది.

రంపాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మిగిలింది. మామూలు 120 వోల్టుల ప్లగ్గుతో నడిచే, చక్రాల స్టాండు ఉన్న మోడల్ తీసుకుంటే, గరాజ్‌లో చోటు ఇవ్వగల సభ్యుడి ఇంట్లో తాళం వేసి ఉంచవచ్చు. వాడేవాళ్ళకి ముందుగా ఒక శనివారం శిక్షణ పెట్టాలి. పని తెలిసిన పెద్దలు మనలోనే ఉన్నారు. ఆ శిక్షణ తీసుకోనివాళ్ళకి తాళం ఇవ్వకూడదు. గార్డు, రైవింగ్ నైఫ్ (కోసిన చెక్క బ్లేడుని బిగపట్టకుండా బ్లేడు వెనక నిలబడే రేకు) విప్పకూడదన్నది రాసిపెట్టుకోవాలి, బ్రేక్ ఉంది కదా అని వాటిని వదిలేస్తే చెక్క వెనక్కి ఎగిరి తగిలే ప్రమాదం అలాగే ఉంటుంది. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. ఇన్సూరెన్స్ విషయాలు తెలిసిన సభ్యులు ఆ రోజు తప్పకుండా రావాలని కోరుతున్నాను.